పిడికిట్లో పట్టే బ్యాటరి

పోయినవారం సారలమ్మను కలప డిపో గేటు దగ్గర, చేతిలో చీపురుతో నిలబెట్టి వచ్చాం. ఎదురుగా రోడ్డు దాటి ఆమె వైపే వస్తున్నవాడు ఎల్లస్వామి. తన మొగుడి చావుకు ఇతనే కారణమని రెండు నెలలుగా ఆమె నమ్ముతున్న మనిషి.

ఆమె మొగుడు పోశయ్య అడవి వాచరు. మృగశిర కార్తెలో, ములుగు అవతలి అడవిలో, టేకు దుంగలు దొంగతనంగా తరలిపోతున్నాయని తెలిసి అతనూ ఎల్లస్వామీ కాపు కాశారు. వాగు దాటే చోట చెట్టు చాటున పోశయ్య. రెండు ఫర్లాంగుల ముందు, బండ్లబాట పక్కన గుట్టమీద ఎల్లస్వామి. ఇద్దరి మధ్యా ఒప్పందం ఒకటే. వచ్చేది దొంగ లారీ అయితే గుట్టమీద వెలుగు ఉండదు, పోశయ్య చాటునే ఉండి నంబరు చూసుకోవాలి. తమవాళ్ల జీపు అయితే బ్యాటరి లైటు రెండుసార్లు వెలుగుతుంది, అప్పుడు బాటమీదికి రావచ్చు. ఆ రాత్రి గుట్ట దగ్గర రెండుసార్లు వెలిగింది. పోశయ్య బాటమీదికి వచ్చాడు. వచ్చింది జీపు కాదు, లైట్లు ఆర్పుకుని వచ్చిన లారీ. తెల్లారి పోశయ్య శవం వాగులో దొరికింది.

తాను వెలిగించలేదని ఎల్లస్వామి మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. ఉద్యోగం ఆపేశారు. పోశయ్య పెళ్లానికి మాత్రం వరంగల్‌లో, ములుగు రోడ్డు మీది కలప డిపోలో ఊడ్చే పనీ, డిపో వెనకాల ఒక గదీ దొరికాయి. అవి ఇప్పించింది ఫారెస్టరు సారంగపాణి. ఆఫీసుల చుట్టూ తిరిగి, కాగితాలు రాసి, సంతకాలు పెట్టించి, ఆమెనూ ఆమె ముసలి అత్తనూ జీపులో తెచ్చి దించినవాడు. "చెల్లె" అని తప్ప ఆమెను మరోలా పిలవడు.

గేటు దగ్గర ఎల్లస్వామి ఆగాడు. మనిషి సగమయ్యాడు. గడ్డం మాసి ఉంది. "వదినె" అన్నాడు తలెత్తకుండా. సారలమ్మ దుమ్ము అతని కాళ్లమీద పడేటట్టు ఒక్క ఊడ్పు ఊడ్చి పక్కకు తిరిగింది. అతను ఆ దుమ్ముతోనే లోపలికి పోయాడు.

కొత్తగా వచ్చిన రేంజి ఆఫీసరు లింగమూర్తి అతన్ని పదకొండు గంటలకు రమ్మని కబురు పెట్టాడట. దేనికో ఎవరికీ తెలియదు. లింగమూర్తి వచ్చి మూడు వారాలే అయింది. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్లజోడు తీసి, వాళ్ల మాట అయ్యేదాకా దాన్ని తుడుస్తూనే ఉంటాడు.

సారలమ్మ లోపలికి వెళ్లేసరికి గోదాములో పెద్ద బల్ల వేసి ఉంది. బల్లమీద ఎర్ర తువ్వాలు, తువ్వాలు మీద కంసాలి నగలు పేర్చినట్టు ఐదు బ్యాటరి లైట్లు. వాటి పక్కన నిలబడ్డవాడు రాజమల్లు. వరంగల్ చౌరస్తాలో గడియారాలు, రేడియోలు, బ్యాటరి లైట్లు అమ్మి బాగుచేసే దుకాణం అతనిది. వాచర్లందరికీ కొత్తవి ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, ఏ రకం కొనాలో ఇవాళ తేల్చాలనీ లింగమూర్తి చెప్పాడు. సారంగపాణి ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎల్లస్వామి గోడ దగ్గర, దూరంగా.

ఇంకొక మనిషి కూడా ఉంది. ఒక దుంగమీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న ముసలామె. ఆమె పేరు బక్కమ్మ అనీ, తునికాకు ఏరుకునే మనిషి అనీ, ఆ రాత్రి వాగు పక్కన తన చేను మంచెమీద పడుకుని ఉన్నది ఈమేననీ సారలమ్మకు అప్పుడే తెలిసింది. గుట్ట దగ్గర రెండుసార్లు వెలగడం చూసింది ఈ కళ్లే. సారలమ్మ ఆమె ముఖం వంక చూసి, చూడలేక, తల తిప్పుకుంది.

"ఈమెనెందుకు పిలిచిన్రు సార్?" అని సారంగపాణి అడిగాడు.

"వెలుగు దూరానికి ఎట్ల కనపడుతదో చెప్పనీకి శాఖ బయటి కన్ను ఒకటి ఉండాలె" అన్నాడు లింగమూర్తి కళ్లజోడు తుడుచుకుంటూ.

తర్వాత ఆయన తనకు ఎలాంటి బ్యాటరి కావాలో చెప్పుకుంటూ పోయాడు. వాచర్ల చేతుల్లో ఇప్పుడున్నవి మూడు సెల్లులవి, మూరెడు పొడుగు. వెన్నెల్లో తళతళ మెరుస్తాయి. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో అది, ఇంక దొంగను పట్టుకునే చెయ్యేది? మీట జరిపితే టక్కుమనే చప్పుడు పది గజాల దాకా వినపడుతుంది. వెలిగించి ఉంచితే దొంగ ఎక్కడున్నాడో మనకు తెలిసేలోపు మనం ఎక్కడున్నామో వాడికి తెలుస్తుంది. అందుకని పిడికిట్లో దాగేది కావాలి. చప్పుడు చెయ్యకూడదు. కావలసినంతసేపే వెలగాలి. గుట్ట ఎక్కేటప్పుడు పళ్ల మధ్య కరచుకుంటే నిలవాలి. శ్రావణపు ముసురుకు ఆగాలి. సెల్లులు ములుగులో ఏ కిరాణా కొట్లోనైనా దొరకాలి. డ్యూటీ దిగి ఇంటికి పోయినప్పుడు గొడ్లపాకలోకీ, చాప కింద తేలును చూసుకోవడానికీ అదే పనికి రావాలి.

"ఇంట్ల అక్కరకు రాని దాన్ని మనిషి అడివిల గూడ పైలంగ చూస్కోడు" అన్నాడు చివరికి.

రాజమల్లు సంతోషపడిపోయాడు. ఇన్నేళ్ల దుకాణంలో బ్యాటరి గురించి ఇంత ఆలోచించి అడిగిన గిరాకీని తాను చూడలేదన్నాడు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని గుణాలు చెప్పసాగాడు. లింగమూర్తి తలుపులు ముయ్యమన్నాడు. సారలమ్మ రెండు రెక్కలూ లాగి, అడ్డగడియ వేసి, పైకిటికీలకు గోనెసంచులు దించింది. నడిమధ్యాహ్నం గోదాములోకి చీకటి దిగింది. కోసిన టేకు వాసన ఒక్కసారి ఎక్కువైంది.

మొదటిది వెలిగింది. గోడంతా పరుచుకుంది గానీ నాలుగు బారల తర్వాత ఏమీ కనపడలేదు. రెండోదాన్ని లింగమూర్తి నడుమెత్తు నుంచి నేలమీదికి వదిలాడు, అది ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. రాజమల్లు చీకట్లో నాలుకతో చప్పరించిన చప్పుడు వినపడింది. మూడోదానిమీద చెంబెడు నీళ్లు పోయించాడు. కాసేపు ఎర్రగా వెలిగి చల్లారింది. సారలమ్మకు ఈ పరీక్షలన్నీ పిల్లల ఆటలాగే అనిపించాయి. తొందరగా అయిపోతే బాగుండు, ఆ గోడ దగ్గరి మనిషి ఊపిరి వినపడే చోటునుంచి బయటపడవచ్చు అనుకుంది.

అప్పుడు లింగమూర్తి సంచిలోంచి ఇంకొకటి తీశాడు. దానికి దారంతో చీటీ కట్టి ఉంది. ఆ రాత్రి ఎల్లస్వామి చేతిలో ఉన్న పాత మూడు సెల్లులది.

"ఎల్లస్వామీ, రెండుసార్లు వెలిగించు. ఎంత జల్ది వెలిగించగల్గితే అంత జల్ది."

చీకట్లో మీట జరిగింది. టక్. వెలుగు. టక్. చీకటి. మళ్లీ టక్. మధ్యలో ఒక మనిషి ఒక అడుగు వేసేంత వ్యవధి. రెండోసారీ ఆరింది. సారలమ్మ కళ్ల ముందు ఆ రెండు వెలుగులూ ఇంకా నిలిచే ఉన్నాయి. వీటిని చూసే కదా తన మనిషి చెట్టు చాటునుంచి లేచి వచ్చాడు అనుకుంది.

"గట్ల కాదు సారు" అంది బక్కమ్మ.

ఆమెను ఎవరూ అడగలేదు. లింగమూర్తి గొంతు చాలా నెమ్మదిగా, "ఏది కాదవ్వా?" అంది.

"ఆ రాత్రి వెలిగింది గట్ల కాదు. గిది ఈడ్సుకుంట ఈడ్సుకుంట వెలిగింది. అది రెప్పకొట్టినట్టు వెలిగింది. గిట్ల, గిట్ల, అంతే. మిణుగురు పురుగనుకున్న ముందుగాల."

"ఇంతకుముందు ఎవలకూ చెప్పలేదా నువ్వు?"

"వెలిగిందా లేదా అని అడిగిన్రు. వెలిగిందని చెప్పిన. ఎట్ల వెలిగిందని ఎవలడిగిన్రు?"

సారంగపాణి దగ్గాడు. రెండు నెలలు బీరువాలో పడి ఉన్న మీట తుప్పు పట్టి ఉంటుందనీ, కొత్తలో అది జారినట్టు ఇప్పుడు జారదనీ, ముసలి కళ్ల మాటమీద ఏదీ నిలబడదనీ మెత్తగా చెప్పాడు. ఆ మాట న్యాయంగానే అనిపించింది సారలమ్మకు. లింగమూర్తి కూడా అవునన్నాడు. రాజమల్లు తెచ్చినవాటిలో మీట జరిపే కొత్తది ఒకటి తీసి, స్వయంగా తానే రెండుసార్లు వెలిగించాడు. అది పాతదానికన్నా త్వరగానే వెలిగింది. బక్కమ్మ "ఊహూ" అంది. ఇంకొకసారి వెలిగించాడు. "కాదు సారు" అంది.

ఆ తర్వాత చప్పుడే లేకుండా వెలిగింది. ఒక చుక్క, చీకటి, ఇంకొక చుక్క, చీకటి. కన్ను మూసి తెరిచినంతలో అయిపోయింది.

"గిదే" అంది బక్కమ్మ. "గిట్లనే."

లింగమూర్తి తలుపు తియ్యమన్నాడు. సారలమ్మకు అడ్డగడియ వెంటనే దొరకలేదు, రెండుసార్లు తడుముకోవాల్సి వచ్చింది. వెలుతురు పడగానే అందరి కళ్లూ బల్లమీదికే పోయాయి. తువ్వాలు మీద చివరన, పిడికిలికి సరిపోయేంత పొట్టి బ్యాటరి. నల్లరంగు పూసిన ఇత్తడి ఒళ్లు, మీటలేదు, నెత్తిన ఎర్రటి గుండీ. నొక్కితే వెలుగు, వదిలితే చీకటి.

అప్పటిదాకా సారలమ్మ బల్లమీదివాటిని సరిగా చూడనే లేదు.

దాన్ని ఆమె ఎరుగును. ఆ ఎర్ర గుండీ మెత్తదనం ఆమె బొటనవేలికి తెలుసు. అచ్చం అలాంటిదే తన గదిలో, అత్త మంచం పైన మేకుకు వేలాడుతోంది. రెండు నెలలుగా ముసలామెను పెరట్లోకి తీసుకుపోయేది దాని వెలుగులోనే. బియ్యంలో పురుగు చూసుకున్నది దాంతోనే. నిద్రపట్టనప్పుడు గోడమీది పోశయ్య ఫోటోను ఒక్కసారి గుండీ నొక్కి చూసుకుని, వదిలేసి పడుకున్నది కూడా దాంతోనే.

పోశయ్య పోయిన పదకొండో రోజు లోపు అది ఇంటికి వచ్చింది. ఆమె లోపలి గదిలో మూలకు ముడుచుకుని పడి ఉంది. బయట సారంగపాణి గొంతు వినపడింది. "అవ్వా, ఇగో ఇది పెట్టుకో. చీకట్ల బయటికి పోవాలంటే అక్కరకొస్తది." అత్త చేతిలో పెట్టి వెళ్లాడు. ఎంత మంచివాడు, ఇంటికి మగదిక్కు లేదని ఇంత చిన్న సంగతి కూడా ఆలోచించాడు అనుకుంది ఆ రోజు.

ఇంత జరుగుతున్నా రాజమల్లుకు ఏమీ అర్థం కాలేదు. తన సరుకు నెగ్గిందనే అనుకున్నాడు. "నేను ముందే చెప్దామనుకున్న సార్, గిదే అన్నిట్ల మంచిది. నీళ్లు పోయ్యిండ్రి, కింద పడేయిండ్రి, ఏం గాదు. గీ రకం మా దుకాణానికి ఇంతకుముందు ఒక్కటే వచ్చింది, బొంబాయి నుంచి. అది మన సారంగపాణి సారే తీస్కపోయిన్రు. ఏడాది సంది వాడుతున్నరు గద, ఎట్లున్నదో సారునే అడుగుండ్రి" అన్నాడు.

 ఎల్లస్వామి మొట్టమొదటిసారి తలెత్తాడు.

సారంగపాణి ముఖంలో ఏ మార్పూ లేదు. చిన్నగా నవ్వాడు కూడా. "ఏడాదేంది రాజమల్లూ. అది నా దగ్గర ఆర్నెల్లు గూడ లేదు. మొన్న మేడారం జాతరల ఆ తొక్కిసలాటల పడిపాయె" అన్నాడు.

"జాతరలనా?" అన్నాడు రాజమల్లు నొసలు ముడిచి. "జాతర మాఘమాసంల గద సార్. ఉగాది ఎల్లినంక మీరొచ్చి బల్బు మార్పిచ్చుకపోయిన్రు. నేనే మార్చిన."

"ఇంకెవలో అయి ఉంటరు. దుకాణంల కూసున్నోనికి మొకాలన్నీ ఒక్కతీర్గనే కొడ్తయి."

లింగమూర్తి కళ్లజోడు తుడుస్తున్నాడు. ఒక జవాబు, ఒక ఎదురు జవాబు. ఇక్కడితో ఈ మాట ఆగిపోతుందని సారలమ్మకు అర్థమైంది. దుకాణదారు మాట ఒకవైపు, పదిహేనేళ్ల ఉద్యోగస్తుడి మాట ఒకవైపు. తాను నోరు తెరవకపోతే ఆ బల్లమీది తువ్వాలు చుట్టేస్తారు, రేపటినుంచి మళ్లీ ఎప్పటిలాగే ఊడ్చుకోవచ్చు. పని ఉంటుంది. గది ఉంటుంది. అత్తకు కంటి శుక్లం తీయించడానికి పెద్ద దవాఖానలో డాక్టరుతో మాట్లాడతానని సారంగపాణి నిన్ననే అన్నాడు. అన్నా అని పిలిచిన మనిషి. ఎవరి చేతి కూడు తిని తాను నిలబడిందో ఆ మనిషి.

ఆమె గోడ దగ్గరికి చూసింది. ఎల్లస్వామి పాదాలమీద పొద్దున తాను పోసిన దుమ్ము అలాగే ఉంది. శవాన్ని ఆరు మైళ్లు భుజంమీద మోసుకొచ్చింది ఇతనే. వాకిట్లో దించగానే తాను అతని ముఖాన ఉమ్మింది. తుడుచుకోలేదు. దహనం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

"సారు" అంది సారలమ్మ.  "అది మా ఇంట్ల ఉన్నది."

లింగమూర్తి చేతిలో కళ్లజోడు ఆగింది.

"గట్లాంటిదే గాదు, అదే. పదకొండొద్దుల లోపట్నే సారంగపాణన్న తెచ్చి మా అత్త చేతికిచ్చిండు. నేను లోపట్నుంచి విన్న. మేకుకు ఏలాడుతాంది. కావాలంటే ఇప్పుడే తెస్త."

అన్ని చూపులూ సారంగపాణి మీదికి మళ్లాయి. అతను ఒక దుంగమీద కూర్చున్నాడు. జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. కోపం వస్తుందని, అరుస్తాడని ఎదురుచూసిన సారలమ్మకు అతని కళ్లలో నీళ్లు కనపడ్డాయి. భయం వేసింది.

"చెల్లె, నువ్వు నోరు తెరిచినవ్ గన్క ఇగ నేను దాచలేను" అన్నాడు. తర్వాత లింగమూర్తి వైపు తిరిగి, నేరం ఒప్పుకుంటున్నవాడిలాగే చెప్పాడు. బ్యాటరి జాతరలో పోలేదట. ఉగాది తర్వాత పోశయ్య అడిగితే ఇచ్చేశాడట. ఆ రాత్రి పోశయ్య దాన్ని గుట్టమీది ఎల్లస్వామికి ఇచ్చి పంపాడట. పొట్టిది, చప్పుడు కాదని. దాంతోనే ఎల్లస్వామి లారీవాళ్లకు మేలు చేశాడు. పొద్దున శవంతోపాటు పోశయ్య సామాను మూటగట్టి ఇంట్లో ఇచ్చింది ఎవరు? ఎల్లస్వామే కదా. బ్యాటరి ఆ మూటలోనే ఇంటికి చేరింది.

"దొంగలను పట్టేటోని ఇంట్ల ఆ రాత్రి వెలిగిన బ్యాటరి ఎందుకున్నదని రేపు ఎవలన్న అడిగితే, చచ్చినోని పేరు చెడుతది. అందుకే జాతరల పోయిందన్న. అబద్ధమే చెప్పిన. పోశయ్య కోసం చెప్పిన."

మాటలు ఎంత చక్కగా అతుక్కున్నాయంటే, ఒక్క క్షణం సారలమ్మకే తాను విన్నది నిజమా అని అనుమానం వచ్చింది.

"నేను కట్టిన మూటల తలరుమాలు, అగ్గిపెట్టె, సద్ది గిన్నె ఉన్నయి. బ్యాటరి లేదు" అన్నాడు ఎల్లస్వామి. అంతసేపట్లో అతను మాట్లాడింది అదొక్కటే.

"మూట ఎవరు విప్పిన్రు?" అని లింగమూర్తి అడిగాడు.

"మా అత్త" అంది సారలమ్మ. ఆ మాట అంటూంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "మూట విప్పింది ఆమెనే, అన్న చేతులకెల్లి బ్యాటరి తీస్కున్నది ఆమెనే. అబద్ధమాడే మనిషి గాదు సారు. సొంత కొడుకు తప్పు చేస్తే పటేలు ముంగటికి తోల్కపోయి నిలవెట్టింది. ఆమెనడుగుండ్రి."

"అడుగుదాం" అన్నాడు సారంగపాణి అందరికన్నా ముందు లేస్తూ. "అవ్వ ఏం చెప్తే అదే."

అంత తేలికగా ఎందుకన్నాడో సారలమ్మకు అర్థం కాలేదు. డిపో వెనకకు నడుస్తున్నంతసేపూ ఆ తేలికదనమే ఆమె వీపుమీద చెయ్యేసినట్టు ఉంది. ముసురు పట్టింది. దుంగల వరసల మధ్య బురద. లింగమూర్తి ముందు, సారంగపాణి ఆయన పక్కన, చివరన ఎల్లస్వామి. బక్కమ్మనూ రాజమల్లునూ గోదాములోనే ఉండమన్నారు.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్త రాములవ్వ మంచంమీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చి ఏడాదైంది, మనుషులను నీడల్లాగే చూస్తుంది. సారలమ్మ మేకు వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.  అంతలోనే కనపడింది. బ్యాటరి ముసలామె ఒళ్లో ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

లింగమూర్తి పీట లాక్కుని కూర్చున్నాడు. తానెవరో చెప్పాడు. ఆ చేతిలోది ఎవరిదని, ఇంటికి ఎట్లా వచ్చిందని అడిగాడు. అడగడంలో తొందరలేదు, బెదిరింపు లేదు.

"మా పోశయ్యది బిడ్డా" అంది రాములవ్వ.

"ఎవలన్న తెచ్చిచ్చిన్రా అవ్వా?"

"ఎవలియ్యలే. వాని సామాన్ల మూటల వచ్చింది. నేనే ఇప్పిన మూట."

సారలమ్మ గోడకు చెయ్యి ఆనించింది. "అత్తా" అంది. "అన్న వాకిట్ల నిలవడి నీ చేతుల వెట్టిండు గద. చీకట్ల అక్కరకొస్తదన్నడు గద. నేను విన్న గద అత్తా."

"నీకు ఆ దినాలల్ల సోయి ఏడున్నది బిడ్డా" అంది ముసలామె. ముఖం కోడలి వైపు తిప్పలేదు.

లింగమూర్తి కాగితం తీసి రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. వేలిముద్ర వేయాలని, సిరా డబ్బా మూత తీశాడు. గుమ్మంలో నిలబడ్డ సారంగపాణి పైనుంచి కారుతున్న వాననీటిని చూస్తున్నాడు. ఎల్లస్వామి వానలోనే ఉన్నాడు, లోపలికి రాలేదు. లోపలి మాట విన్నాడని మాత్రం అతని భుజాలు దిగిపోవడంలో తెలిసింది.

ముద్ర కోసం అత్త చెయ్యి పట్టుకుందామని సారలమ్మ మంచం పక్కన మోకాళ్లమీద కూర్చుంది. ఆ చెయ్యి వణుకుతోంది. జ్వరం వణుకు కాదు. ఇరవై ఏళ్లుగా ఈ చేతిని ఎరుగును, కరువులో వణకలేదు, కొడుకు శవంమీద పసుపు చల్లుతున్నప్పుడు కూడా వణకలేదు. చన్నీళ్లలో పెట్టినట్టు చల్లగా ఉంది. సారలమ్మకు కోపం పోయింది. ముసలామె చెవి దగ్గరికి వంగి, పెదవులు కదిపీ కదపనట్టు అడిగింది.

"ఎవలొచ్చిండ్రు అత్తా?"

రాములవ్వ వేళ్లు కోడలి మణికట్టును పట్టేశాయి. గొంతు ఊపిరికన్నా కొంచెమే ఎక్కువ.

"పొద్దుగాల. నువ్వు అటు ఊడ్వ పోయినంక. ముగ్గురు. గీ మాట చెప్పకుంటే నిన్ను గూడ వాగుల పడేస్తమన్నరు." ఆగింది. మింగింది. "కండ్లు లేకుంటే ఏంది, చెవులున్నయి గద బిడ్డా. టైరు చెప్పులు. ఎడమ కాలుకే ఇనుప నాడా. నేను దగ్గర కూసోని కొట్టిపిచ్చిన, నాకెర్కలేదా ఆ సప్పుడు."

పోశయ్య శవం ఇంటికి వచ్చినప్పుడు కాళ్లకు చెప్పులు లేవు. వాగంతా వెతికారు, దొరకలేదు. ఎవరో ఏరుకుపోయి ఉంటారని ఊరుకున్నారు.

"అండ్ల ఒకని కాళ్లకు" అంది రాములవ్వ, "నా కొడుకు చెప్పులున్నయి."

సిరా డబ్బా పట్టుకుని లింగమూర్తి ఎదురుచూస్తున్నాడు. గుమ్మంలో సారంగపాణి వాననుంచి తల తిప్పి, ఇటు ఒక అడుగు వేశాడు.

"ఏమంటాంది చెల్లె అవ్వ?" అని ఎప్పటిలాగే మెత్తగా అడిగాడు.